చక్రాల ఇరుసు, గేజ్ పొందిక: గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం

రైలు వాహనాల్లో రెండు చక్రాలను ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి, మూడూ కలిసి తిరిగేలా కూర్చుతారు కనుక, ఆ చక్రాల మధ్య దూరం గేజ్‌కు, అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరానికి, తప్పనిసరిగా పొసగాలి. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలను దాటి నంద్యాల చేరే గుంటూరు–గుంతకల్లు మార్గాన్ని 19వ శతాబ్ది చివర 1,000 మిల్లీమీటర్ల మీటర్ గేజ్‌తో నిర్మించినందువల్ల, 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ బండ్లు దానిపైకి రాలేకపోయేవి. రెండు గేజ్‌లు కలిసే కూడళ్లలో ప్రయాణికులు బండి మారవలసి వచ్చేది, సరుకును దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. 1990వ దశకంలో జరిగిన గేజ్ మార్పిడి ఈ అడ్డంకిని తొలగించి, ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతాన్ని దేశపు ప్రధాన రైలు వ్యవస్థతో నేరుగా కలిపింది.