పాత ఎయిర్ కూల్డ్ బండి కొంటున్నారా? రంగు కాదు, ఇంజన్ వేడి చూడండి

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఆఫీసుల పార్కింగ్‌లో కొత్త బైకుల మధ్య అక్కడక్కడా ఒక యమహా ఆర్‌ఎక్స్ 100, ఒక యెజ్దీ, ఒక పాత బుల్లెట్ కనిపిస్తుంటాయి. నాన్న నడిపిన బండినో, కాలేజీ రోజుల్లో కొనలేకపోయిన బండినో జీతం చేతికొచ్చాక కొనుక్కోవాలనుకునేవాళ్లు ఐటీ కారిడార్‌లో తక్కువేం కాదు. అమ్మేవాళ్లకూ, దలాళ్లకూ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పాత బండికి కొత్త పెయింట్, కొత్త సీటు, మెరిసే క్రోమ్ వేసి 'ఫుల్ రెస్టోర్డ్' అంటూ ధర చెబుతారు. కానీ ఇంజన్ లోపల ఏముందో పెయింట్ చెప్పదు. ఎయిర్ కూల్డ్ ఇంజన్‌లో లోపాలు చాలావరకు రెండు సమయాల్లోనే బయటపడతాయి. పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఇంకోసారి. ఈ రెండూ చూడకుండా అడ్వాన్స్ ఇస్తే నష్టం కొన్నవాళ్లదే.

హైటెక్ సిటీ కంటే ముందు పుట్టిన బళ్లు

సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో. ఇప్పుడు జనం వెతుకుతున్న బళ్లలో చాలావాటి తయారీ అప్పటికే ఆగిపోయింది. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావా, 1973 నుంచి యెజ్దీ పేరుతో బళ్లు చేసింది. 1996లో మూతపడింది. ఎస్కార్ట్స్ కంపెనీ యమహా లైసెన్స్‌తో 1983లో రాజ్‌దూత్ 350 తెచ్చింది. దీన్నే అందరూ ఆర్‌డీ 350 అంటారు. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, 347 సీసీ. మైలేజీకీ స్పేర్లకూ భయపడి అప్పట్లో చాలామంది కొనలేదు. 1990 నాటికి అది ఆగిపోయింది. 1985లో వచ్చిన 98 సీసీ ఆర్‌ఎక్స్ 100 మాత్రం 1996 వరకు నడిచింది. బుల్లెట్ ఒక్కటే ఆగలేదు. దాని పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ 2010 ప్రాంతం దాకా వచ్చింది.

వీటిలో రేడియేటర్ ఉండదు. సిలిండర్ చుట్టూ ఉన్న ఫిన్స్ మీదుగా గాలి వెళ్తేనే ఇంజన్ చల్లబడుతుంది. గాలి తగలాలంటే బండి కదలాలి. సాయంత్రం ఆరున్నరకి సైబర్ టవర్స్ జంక్షన్‌లోనో, బయోడైవర్సిటీ దగ్గరో, ఐకియా ముందో ఇరుక్కున్న బండికి గాలి ఎక్కడిది? ఆదివారం పొద్దున గండిపేట దాకా బ్రహ్మాండంగా నడిచిన ఇంజన్, సోమవారం ట్రాఫిక్‌లో పిస్టన్ పట్టేయడానికి కారణం ఇదే.

చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి

బండి చూడటానికి వెళ్లేముందే అమ్మేవాళ్లకు ఒక మాట చెప్పాలి: వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే మొదట సిలిండర్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టారన్నమాట. చల్లని ఇంజన్ ఎన్ని కిక్కులకు అందుకుంటుంది, మొదటి నిమిషంలో ఏ శబ్దం వస్తుంది, ఏ రంగు పొగ వస్తుంది అన్నవి దాచాలనుకునేవాళ్లు చేసే మొదటి పని అదే. అలాంటప్పుడు ఇంకోరోజు రావడం మంచిది.

తర్వాత కనీసం అరగంట నడపాలి. ఖాళీ రోడ్డు మీద కొంచెంసేపు, ట్రాఫిక్‌లో కొంచెంసేపు. ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయాలి. వేడి మీద స్టార్ట్ కాకపోతే కాయిల్‌లోనో, కంప్రెషన్‌లోనో, కార్బురేటర్‌లోనో తేడా ఉన్నట్టే.

టూ స్ట్రోక్‌లో దాగే లోపాలు

మొదటిది క్రాంక్ ఆయిల్ సీల్. క్రాంక్‌కు రెండు పక్కలా ఉండే ఈ రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి నిలిచిన బండిలో గట్టిపడి పగులుతాయి. మాగ్నెట్ వైపు సీల్ పోతే బయటి గాలి లోపలికి వెళ్లి మిశ్రమంలో పెట్రోల్ తగ్గిపోతుంది, దాంతో పాటు ఆయిల్ కూడా. ఇంజన్ మామూలు కంటే వేడెక్కుతుంది. గుర్తుపట్టడం కష్టమేం కాదు. బండి వేడెక్కాక ఎక్సలేటర్ వదిలినా ఇంజన్ వెంటనే దిగకుండా కాసేపు అరుస్తూనే ఉంటే అనుమానించాలి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగబడి కాలుతుంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతూ పోతుంది. టూ స్ట్రోక్ అంటే పొగ మామూలే అని అమ్మేవాళ్లు అంటారు. చల్లగా ఉన్నప్పుడు మామూలే, వేడెక్కాక కూడా మబ్బులా వస్తుంటే కాదు.

రెండోది ఆయిల్ పంప్. ఆర్‌ఎక్స్, ఆర్‌డీల్లో టూటీ ఆయిల్‌కు వేరే ట్యాంకు, పంప్ ఉంటాయి. పంప్ పాడైతే బాగు చేయించకుండా తీసేసి, పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకుని నడిపేవాళ్లున్నారు. బండి చేతులు మారినప్పుడు ఈ ముక్క చెప్పకపోతే కొన్నవాళ్లు బంక్‌కు వెళ్లి ఉత్త పెట్రోల్ పోయిస్తారు. కొన్ని కిలోమీటర్లకే పిస్టన్ పట్టేస్తుంది. అందుకని పంప్ పనిచేస్తోందా, తీసేశారా అని సూటిగా అడగాలి, కేబుల్, పైపు కళ్లతో చూడాలి. యెజ్దీల్లో దాదాపు అన్నిటికీ ఆయిల్ పెట్రోల్‌లోనే కలపాలి.

మూడోది బోరింగ్. సిలిండర్ అరిగితే లేత్ షాపులో కొంచెం పెద్దది చేసి, 0.25 ఎంఎం చొప్పున పెద్ద సైజు పిస్టన్ వేస్తారు. సాధారణంగా 1 ఎంఎం దాకా వెళ్లొచ్చు. ఆపైన లైనర్ మార్చాల్సిందే. 'ఫ్రెష్ బోర్' అంటే ఎన్నో బోర్ అని అడగాలి. హెడ్ విప్పితే పిస్టన్ తల మీద సైజు అంకె కనిపిస్తుంది. నమ్మకంగా అమ్మేవాళ్లు హెడ్ విప్పడానికి పెద్దగా అభ్యంతరం చెప్పరు.

నాలుగోది క్రాంక్, కనెక్టింగ్ రాడ్. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు కింది నుంచి గరగర, టకటక వస్తే బేరింగ్‌లు అరిగాయన్నమాట. ఇంజన్ మొత్తం విప్పితే తప్ప బాగుపడదు. ఆర్‌డీ 350లో రెండు సిలిండర్ల క్రాంక్ కాబట్టి పని ఇంకా పెద్దది, తెలిసిన ఉస్తాద్‌లూ తక్కువ. రెండు సిలిండర్ల కంప్రెషన్ విడివిడిగా గేజ్‌తో చూపించుకోవాలి. రెండింటికీ పెద్ద తేడా ఉండకూడదు. ఇంకొకటి, జపాన్‌లో డిస్క్ బ్రేక్‌తో వచ్చిన ఈ బండి ఇక్కడ ముందు డ్రమ్ బ్రేక్‌తోనే వచ్చింది. వేగానికి తగ్గ బ్రేక్ కాదది.

ఇది డబ్బు విషయమే కాదు, ప్రాణాల విషయం కూడా. నడుస్తుండగా పిస్టన్ పట్టేస్తే వెనుక చక్రం ఒక్కసారిగా లాక్ అవుతుంది. పాత టూ స్ట్రోక్ నడిపినవాళ్లు క్లచ్ మీద ఎప్పుడూ రెండు వేళ్లు ఉంచేది అందుకే.

పాత బుల్లెట్ అయితే

కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి పొగే రాకూడదు. పొద్దున స్టార్ట్ చేయగానే కొంచెం నీలి పొగ వచ్చి ఆగిపోతే నిలిచి ఉన్నప్పుడు ఆయిల్ కిందికి దిగి ఉండొచ్చు, లేదా వాల్వ్ గైడ్‌లు అరిగి ఉండొచ్చు. ఆగకుండా వస్తే రింగులు, బోర్ పోయినట్టు. కిక్ మీద మెల్లగా బరువు వేస్తే కంప్రెషన్ దగ్గర కాసేపు నిలవాలి. జారిపోతూ దిగిపోతే కంప్రెషన్ లేదు. ఆయిల్ చెమ్మ పాత బుల్లెట్‌కు అలవాటే. కానీ బొట్లు బొట్లుగా కారుతుంటే, లేదా చూడటానికి వెళ్లిన రోజే ఇంజన్ డీజిల్‌తో కడిగి ఉంటే జాగ్రత్త.

ఫిన్స్, పెట్రోల్

విరిగిన ఫిన్స్‌ను వెల్డింగ్ చేసి పైన మందంగా పెయింట్ కొట్టడం రెస్టోరేషన్‌లో తరచూ కనిపించే పని. మందం పెయింట్, జిడ్డు, మట్టి మూడూ వేడిని బయటికి పోనివ్వవు. పెట్రోల్ సంగతీ మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఈ బళ్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ఎక్కువ రోజులు నిలిపితే ట్యాంకు లోపల తుప్పు, కార్బురేటర్‌లో చెత్త చేరతాయి. పాత రబ్బరు పైపులు, వాషర్లు మెత్తబడతాయి. కార్బురేటర్ జెట్ సరిచేయకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడి పెరుగుతుంది. ట్యాంకు మూత తీసి టార్చ్ వేసి చూడటం ఒక్క నిమిషం పని.

కారు అయితే

ఎయిర్ కూల్డ్ స్పోర్ట్స్ కార్లలో ప్రపంచమంతా చెప్పుకునేది పోర్షే 911. 1964 నుంచి 1998 వరకు అది గాలితోనే చల్లబడింది. మన దేశంలో పాత కార్ల దిగుమతికి సాధారణ నియమం మూడేళ్లలోపు వయసు కావడంతో ఇక్కడ అవి చాలా అరుదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు కొనేటప్పుడు 1970ల మధ్యలోని 2.7 లీటర్ల ఇంజన్‌లో హెడ్ స్టడ్‌లు ఊడి రావడం, తర్వాతి 3 లీటర్ల ఇంజన్‌లో స్టడ్‌లు విరగడం, చైన్ టెన్షనర్ పాడవడం తప్పక చూపించుకుంటారు.

ఇక్కడ కొంచెమైనా దొరికేది అదే కుదురు నుంచి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. దాని ఫ్యాన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు అంచులు లేకపోతే వేడి గాలే మళ్లీ ఇంజన్‌కు వస్తుంది. ఫ్యాన్ బెల్ట్ తెగితే గాలీ ఆగిపోతుంది, ఛార్జింగూ ఆగిపోతుంది. ఎర్ర లైట్ వెలగగానే బండి ఆపాలి. ఇంజన్ ఆపి వెనుక పుల్లీని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు టక్‌మని ఆడితే మెయిన్ బేరింగ్ పని పడినట్టే.

కాగితాలూ ఇంజన్ భాగమే

ఆర్‌సీకి 15 ఏళ్లు గడువు. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, అప్పుడు ఫిట్‌నెస్ చూస్తారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన వాటికి రెన్యువల్ ఫీజు పెరిగింది. ఆర్‌సీలోని ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో అంకె అంకె సరిపోవాలి. ఆర్‌ఎక్స్ 100 ఛాసిస్‌కు ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ బిగించినవి మార్కెట్‌లో తిరుగుతుంటాయి. ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే తర్వాత ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది. నంబర్ గీకి మళ్లీ కొట్టినట్టుంటే ఎంత తక్కువ ధరైనా వదిలేయాలి. దొంగ బండి కావచ్చు. ఎన్‌సీఆర్‌బీ వాహన్ సమన్వయ్‌లో ఇది చూసుకోవచ్చు. పెండింగ్ చలాన్లు కూడా ముందే చూడాలి.

ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30 కావాలి. కర్ణాటక, మహారాష్ట్ర బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా. 'వింటేజ్' అన్న మాటకు మోసపోవద్దు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండి. దానికి వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు, రోజువారీ తిరగడానికి వీల్లేదు. 1983లో వచ్చిన తొలి ఆర్‌డీ 350 కూడా 2033 దాకా ఆ లెక్కలోకి రాదు.

ధర ఎలా లెక్కేయాలి

అడిగిన ధరే అసలు ధర అనుకుంటే పొరపాటు. దానికి ఇంజన్ పని, దొరకని స్పేర్లు, కాగితాల ఖర్చు కలిపితేనే అసలు లెక్క. బేరానికి ముందే రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో పిస్టన్ కిట్, క్రాంక్, సీళ్ల ధరలు కనుక్కుంటే బేరంలో పైచేయి ఉంటుంది. అమ్మేవాళ్లకు సంబంధం లేని ఉస్తాద్‌ను వెంట తీసుకెళ్లి, ఆయన టైముకు డబ్బు ఇవ్వడం అన్నిటికంటే చవకైన ఖర్చు. రంగు వెలిసినా ఇంజన్ విప్పని, కాగితాలు సరిగ్గా ఉన్న బండి, మెరిసిపోతూ చరిత్ర తెలియని బండి కంటే మేలు. పెయింట్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు. ఛాసిస్ నంబర్, క్రాంక్ బాగాలేని బండిని మాత్రం కొనక ముందే వదిలేయాలి.