నాలుకకి తెలిసేది, తెలియనిది

చైనా పురాణాల్లో షెన్‌నోంగ్ అనే రాజు ఉన్నాడు. జనానికి సేద్యం నేర్పినవాడు. ఏది తినొచ్చో, ఏది తింటే పోతామో తెలియని రోజుల్లో కనిపించిన ప్రతి మొక్కనీ రుచి చూశాడట. క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తికి సమర్పించిన హువాయ్‌నాన్‌జి అనే గ్రంథం ఆయన ఒక్క రోజులో డెబ్భై విషాల పాలబడ్డాడని చెబుతుంది. తర్వాత వచ్చిన కథల్లో ఆయన పొట్ట గాజులా ఉంటుంది, తిన్నది లోపల ఏం చేస్తోందో పైకి కనిపిస్తుంది. చివరికి పేగులు తెంపే మొక్కేదో తిని చనిపోయాడంటారు.

కథే, కానీ ఆ గాజు పొట్ట ఊరికే రాలేదు. మందు గొంతు దిగాక ఏం చేస్తుందో కనిపించకపోవడమే వైద్యుడికి అసలు కష్టం. మనకెవరికీ గాజు పొట్ట లేదు. అందుకని చైనా వైద్యం నాలుకని నమ్ముకుంది.

షెన్‌నోంగ్ పేరు మీద వచ్చిన ప్రాచీన ఔషధ గ్రంథంలో 365 మందులున్నాయి. ప్రతి మందుకీ ముందుగా చెప్పేది దాని రుచి. పులుపు, చేదు, తీపి, కారం, ఉప్పు. మన ఉగాది పచ్చడిలో ఉండే వగరుకి ఆ లెక్కలో విడిగా చోటు లేదు. కారం చెమట పట్టిస్తుంది, పులుపు బిగిస్తుంది, తీపి బలమిస్తుంది, చేదు వేడి దించుతుంది, ఉప్పు గట్టిపడినదాన్ని మెత్తబరుస్తుంది. అల్లం కషాయం తాగి చెమటలు పట్టినవాళ్లెవరికైనా ఇందులో కొంత నిజం ఉందని తెలుసు. ఆ భాషలో కషాయంలో పడే దినుసుల్ని లెక్కపెట్టే మాట కూడా రుచే. నాలుగు దినుసులంటే నాలుగు రుచులు.

ఈ పద్ధతిని పట్టుదలగా వాడినవాడు 16వ శతాబ్దపు లి షిజెన్. 27 ఏళ్లు కష్టపడి, 1578లో 1,892 మందులతో బెన్‌త్సావ్ గాంగ్‌ము పూర్తి చేశాడు. ఉమ్మెత్త పువ్వుని నవ్వుతూ కోసి సారాలో కలిపి తాగితే నవ్వొస్తుందనీ, ఆడుతూ కోస్తే ఆడాలనిపిస్తుందనీ జనం అనుకునేవారు. లి తనే తాగి చూశాడు. సగం మత్తెక్కాక పక్కనెవరైనా నవ్వినా, ఆడినా తాగినవాడూ అదే చేస్తాడని రాశాడు. విన్నదాన్ని విన్నట్టే రాసి వదిలెయ్యలేదు. అది నాకు చాలా నచ్చింది.

నాలుగు వందల ఏళ్ల తర్వాత తు యోయో అదే పని ఇంకో రకంగా చేసింది. మలేరియా మందు కోసం వెతుకుతుంటే, 4వ శతాబ్దపు గె హోంగ్ పుస్తకంలో చింగ్‌హావ్ అనే మొక్కని (మన మాచిపత్రికి చుట్టం) నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని కనిపించింది. కాచమని లేదు. వేడికి మందు పోతోందేమోనని ఈథర్‌తో తక్కువ వేడి మీద సారం తీస్తే 1971లో పనిచేసింది. 1972లో రోగులకి ఇచ్చే ముందు తనూ, సహోద్యోగులూ ఆసుపత్రిలో పర్యవేక్షణలో ఉండి ఆ సారం తాగారు. 2015లో నోబెల్ వచ్చింది. కానీ గమనించండి, ఆమె తాగింది మందు పనిచేస్తుందా అని చూడ్డానికి కాదు. అది అప్పటికే ఎలుకల మీద, కోతుల మీద తేలింది. వెంటనే ఏమైనా హాని చేస్తుందా అన్నదొక్కటే అక్కడి ప్రశ్న. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అది స్మోక్ టెస్ట్. ఆన్ చేస్తే పొగ రాలేదు, అంతే. ఏళ్ల తరబడి నడుస్తుందని దానర్థం కాదు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో బెల్జియంలో తెలిసింది. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిపిన మాత్రలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. అలాంటి కేసులు వందకి పైగా తేలాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఫాంగ్‌జి అనే పేరు పంచుకునే వేర్లలో ఒకదాని బదులు ఇంకొకటి, అరిస్టొలోకియా జాతిది, వాడటమే కారణం. చైనా 2004లో ఆ వేరుని తన ఔషధ ప్రమాణాల్లోంచి తీసేసింది. మన పల్లెల్లో పాముకాటుకి వాడుతూ వచ్చిన ఈశ్వరి వేరుదీ అదే జాతి, అందులోనూ అదే ఆమ్లం.

ఇక్కడ షెన్‌నోంగ్ ఓడిపోతాడు. ఆయన డెబ్భై విషాలూ ఆ పూటే కడుపులో తిప్పేవి. నెలలు, ఏళ్లు పట్టే విషాన్ని కొరికి చూసి పట్టుకోలేం. ఇవాళ వేరు తిన్న మనిషికి ఎన్నో ఏళ్లకి క్యాన్సర్ వస్తే ఏ తాతా, ఏ వైద్యుడూ ఆ రెంటినీ కలిపి చూడడు. "వేల ఏళ్లుగా వాడుతున్నారు, ఏమీ కాదు" అన్న మాట వాట్సాప్‌లో వచ్చినప్పుడు అడగాల్సింది ఇదే: ఏమీ కాలేదని ఎన్నాళ్లు చూశారు? ఎవరు లెక్క రాశారు?