డిస్కులో మాయమైన చోటు

ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థి మొన్న నా వద్దకు వచ్చి, 500 గిగాబైట్ల డిస్కు కొంటే కంప్యూటరు 465 మాత్రమే చూపుతున్నదనీ, దుకాణదారు మోసగించాడనీ వాపోయాడు. పాపం, దుకాణదారు నిర్దోషి. డిస్కులు చేసేవారికి గిగా అంటే 100 కోట్లు. విండోస్‌కు 1024ను మూడుసార్లు వేసి హెచ్చించగా వచ్చే 107 కోట్ల పైచిలుకు.

వీశెలను, కుంచాలను తొలగించి మెట్రిక్ కొలతలు తెచ్చే చట్టం మన దేశంలో 1956లో వచ్చినది. ఆ యేడే ఐ.బి.ఎం. వారు తొలి డిస్కును వెలువరించారు: 50 పళ్లేలు, 50 లక్షల అక్షరాలు! 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు 'గిబి' అని వేరే పేరు పెట్టినా, జనం నోట అది కుదురుకోలేదు.

చోటు పోయే దారి ఇంకొకటి ఉన్నది. డిస్కును గళ్లుగా పంచుతారు. 1971 నాటి యూనిక్స్‌లో గడి 512 బైట్లు. 1980లలో బర్కిలీ వారు వేగంకోసం 4,096కు, ఆపైకి పెంచారు. 'కృష్ణ' అనే మాట యు.టి.ఎఫ్.-8లో 15 బైట్లే. దానినొక్కదానినే ఫైలుగా దాచితే లినక్స్‌లో సాధారణంగా 4,096 బైట్ల గడి అంతా దానిదే.

యూనిక్స్‌లో ఆదినుండీ రెండు లెక్కలున్నాయి. 'డి.యు.' ఫైళ్లను ఒక్కొక్కటే ఎంచి కూడుతుంది, 'డి.ఎఫ్.' ఖాళీ గళ్లెన్నో అడుగుతుంది. నడుస్తున్న ప్రోగ్రాము తెరిచి ఉంచిన ఫైలును చెరిపితే పేరు పోతుంది, గళ్లు పోవు. అప్పుడీ రెండు లెక్కలకూ పొత్తు కుదరదు. ఆ ప్రోగ్రామును ఆపగానే గళ్లు ఖాళీ అవుతాయి.