బల్ల, తివాచీ, కాంతి

నీటి గ్లాసులో ఏటవాలుగా ఉంచిన పుల్ల నీటిమట్టం వద్ద విరిగినట్లు కనబడుతుంది. కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి పోయేటప్పుడు దిశ మార్చుకోవడమే ఇందుకు కారణం. దీనినే వక్రీభవనం అంటారు. పతనకోణానికీ వక్రీభవన కోణానికీ గల సంబంధాన్ని 984 ప్రాంతంలో బాగ్దాదులో ఇబ్న్ సహల్ ఎరిగి ఉన్నాడు. 1621 ప్రాంతంలో హాలెండులో స్నెల్ దానిని మళ్లీ కనుగొన్నాడు గాని ప్రకటించలేదు.

1637లో ఆ సూత్రాన్ని అచ్చులో ప్రకటించినవాడు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్. ఆయన కాంతిని ఆటబంతితో పోల్చాడు. పలుచని గుడ్డను ఏటవాలుగా చీల్చుకుపోయే బంతి వేగం తగ్గి, లంబానికి దూరంగా తొలగుతుంది. కాని నీటిలో ప్రవేశించే కాంతి లంబం వైపు వంగుతుంది గదా! కనుక సరిహద్దు వద్ద బంతికి మరొక దెబ్బ తగిలిందని ఆయన ఊహించవలసి వచ్చింది. బంతి తివాచీ మీదకంటే వట్టి బల్లమీద సులువుగా దొర్లుతుంది. అట్లే కాంతి గాలిలోకంటే నీటిలో సులువుగా సాగుతుందన్నాడు. తరువాత న్యూటన్ కూడా కాంతి కణాలకు నీటిలోనే వేగం ఎక్కువని భావించాడు.

ఫెర్మా దీనికి ఒప్పుకోలేదు. కాంతి అతి తక్కువ కాలం పట్టే దారిని పట్టుకుంటుందనీ, నీటిలో దాని వేగం తక్కువనీ అనుకుంటే అదే సూత్రం వస్తుందని 1662లో చూపాడు. హైగెన్స్ 1690లో ప్రకటించిన తరంగ సిద్ధాంతం కూడా ఇదే చెప్పింది.

ఈ రెండవ భావాన్ని తరగతిలో చూపడానికీ బల్ల, బట్ట చాలు. ఇరుసుమీద విడివిడిగా తిరిగే రెండు బొమ్మ చక్రాలను బల్లమీదుగా, పరచిన దుప్పటి మీదికి ఏటవాలుగా దొర్లించండి. ముందు బట్టనెక్కిన చక్రం మందగిస్తుంది. రెండవది ఇంకా వేగంగానే సాగుతుంది. అందువల్ల ఇరుసు మలుపు తిరిగి, చక్రాలు లంబం వైపు మళ్లుతాయి. రెండూ ఒకేసారి ఎక్కితే మలుపు ఉండదు. లంబంగా పడిన కిరణం వంగకపోవడం ఇటువంటిదే.

ఉపమానాలు రెండు, సూత్రం ఒక్కటే. నిజం తేల్చినది ప్రయోగం. 1850లో ఫూకో, తిరిగే అద్దం సాయంతో, నీటిలో కాంతి వేగం గాలిలోకంటే తక్కువని నిరూపించాడు. నేటి లెక్కల ప్రకారం అది గాలిలో సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు, నీటిలో సుమారు 2,25,000. వీటి నిష్పత్తి 1.33, ఇదే నీటి వక్రీభవన గుణకం.

చక్రాల పోలికకూ హద్దు ఉంది. దుప్పటి దాటిన చక్రం పోయిన వేగాన్ని తిరిగి పొందలేదు. నీటినుండి వెలువడిన కాంతి మాత్రం వెంటనే పూర్వవేగంతో సాగుతుంది. ఉపమానం చెప్పే ఉపాధ్యాయుడు, అది ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పడం మంచిది.