రేడియో కంట్రోల్ హెలికాప్టర్లు

నేలమీద నిలబడిన పైలట్ ట్రాన్స్‌మిటర్‌తో నడిపే మోడల్ హెలికాప్టర్లు. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ 1970 ప్రాంతంలో వీటిని అదుపు తప్పకుండా ఎగరేసి చూపాక ఈ అభిరుచి ఊపందుకుంది. అమెరికాలో వీటిని ఎక్కువగా ఎగరేసేది అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ (స్థాపన 1936) అనుబంధ క్లబ్బుల మైదానాల్లోనే.

విమానాల కోసం ఏర్పరిచిన మైదానంలో వీటికి చోటు కల్పించడం తేలిక కాదు. విమానం రన్‌వే వెంట చుట్లు కొడుతుంది, హెలికాప్టర్ గాలిలో ఒకేచోట నిలబడుతుంది (హోవరింగ్). అది రన్‌వే మీద నిలిస్తే దిగే విమానానికి దారి ఉండదు. అందుకే చాలా క్లబ్బులు హోవరింగ్ సాధనకు ఓ పక్కన వేరే జాగా కేటాయిస్తాయి. ఇది వివక్ష కాదు, అవసరం. 700 తరగతి మోడల్ రోటర్ వ్యాసం సుమారు మీటరున్నర. నిమిషానికి దాదాపు 2,000 సార్లు తిరిగే ఆ రెక్కలు తగిలితే ప్రాణమే పోవచ్చు.

నేర్చుకునేవారిని బాగా ఇబ్బంది పెట్టేది ముక్కు పైలట్‌వైపు తిరిగిన హోవర్. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. చెయ్యి ఆలోచించకుండానే సరిదిద్దే స్థాయికి రావాలి. అందుకు ముందుగా కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సాధన చేయడం ఉత్తమం.

వీటిని ఎగరేయడంలో అసలైన నైపుణ్యం ఆటోరొటేషన్. మోటారు ఆగిపోయినా, కిందికి దిగుతున్నప్పుడు ఎదురొచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది. నేలకు చేరువవుతుండగా పైలట్ రెక్కల కోణం పెంచి, ఆ మిగిలిన వేగంతోనే మోడల్‌ను మెత్తగా దించుతాడు.

ఇండియానా రాష్ట్రంలోని మన్సీలో అకాడమీకి వెయ్యి ఎకరాలకు పైబడిన మైదానం ఉంది. హెలికాప్టర్ ప్రియుల పెద్ద వేడుక ఇర్చా జాంబోరీ అక్కడ జరుగుతుంది.