సన్నబడే మందుకు తొంభయ్యేళ్ల చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్ మందుగుండు కర్మాగారాల్లో కొందరు కార్మికులు ఉన్నట్టుండి చిక్కిపోయారు. ఒళ్లంతా చెమటలు, కాలిపోయే జ్వరం. కొందరు ప్రాణాలే విడిచారు. వాళ్ల ఒంట్లోకి వెళ్లింది డైనైట్రోఫినాల్. తిన్న తిండి శక్తిగా మారకుండా వేడిగా వృథా అయ్యేలా చేయడం దాని గుణం. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు దాన్నే బరువు తగ్గించే మందుగా ముందుకు తెచ్చారు. ఏడాదికే లక్షమంది దాకా మింగారు. కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి, కొందరు చనిపోయారు. 1938లో కొత్త చట్టం వచ్చాక గానీ దానికి అడ్డుకట్ట పడలేదు.

1990ల్లో అమెరికాను 'ఫెన్-ఫెన్' అనే సన్నబడే మందు ఊపేసింది. నార్త్ డకోటాలోని ఫార్గోలో గుండెకు ఎకో పరీక్ష చేసే ఒక ఉద్యోగిని, పెద్ద వయసు లేని ఆడవాళ్ల గుండె కవాటాలు పాడవుతున్నాయని గమనించారు. ఆరా తీస్తే వాళ్లు వాడింది ఈ మందే. 1997 ఆగస్టులో 24 మంది మహిళల వివరాలను వైద్యులు ప్రచురించారు. సెప్టెంబరులో అందులోని ఫెన్‌ఫ్లూరమైన్ అమ్మకం ఆగిపోయింది.

మన దేశంలోనూ సన్నబడే మందులపై వేటు పడింది. మనసును కుంగదీసే రిమోనబంట్‌ను 2009లో నిషేధించారు. గుండె జబ్బున్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలిన సిబుట్రమిన్‌ను 2011 ఫిబ్రవరిలో ఆపేశారు.

ఇప్పుడు సూది మందుల కాలం. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. ఇవి ఆకలి తగ్గిస్తాయి, బరువు దించుతాయి. ఆ మేలు నిజమే. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం చాలామందికి ఉంటాయి. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. వాంతులు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బుల గోడు తెలిసిన ఉత్తరాంధ్ర వాళ్లం ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారికి చక్కెర బాగా పడిపోవచ్చు. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ ఇంట్లోవారికి గానీ వచ్చినవారు, గర్భిణులు వీటి జోలికి పోరాదు.

ఫార్గోలో ఆ ఉద్యోగిని గమనించి ఊరుకుని ఉంటే ఇంకెందరి గుండెలు దెబ్బతినేవో! మన గజపతినగరంలో మందు వాడాక కనిపించే తేడాకూ అంతే విలువుంది. పక్కింటివాళ్లు వాడారని సూది కొనుక్కోకండి. డాక్టరు రాసిస్తేనే, చూపించుకుంటూ వాడండి. కడుపులో నొప్పి ఆగకపోయినా, వాంతులు తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మందు పడలేదనిపిస్తే జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు మీరే ఫోన్ చేసి చెప్పండి.