ఆన్‌లైన్ జూదం: కడప జిల్లాలో చట్టం, భవిష్యత్తు

కడప జిల్లాకు జూదం ఫోన్‌తో రాలేదు. బంగారం, బట్టల వ్యాపారాలకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో మట్కా, క్రికెట్ పందేలు పాతవే. బొంబాయిలో పత్తి ధరల అంకెలపై పందెంగా మొదలైన మట్కా ఇక్కడికి చీటీగా చేరింది. సున్నా నుంచి తొమ్మిది లోపు మూడంకెలు తీస్తారు. 5, 3, 6 వస్తే మొత్తం 14, చివరి అంకె 4 ‘ఓపెన్’. రెండో విడతది ‘క్లోజ్’. పదింటిలో ఒక అంకె తగిలితే రూపాయికి తొమ్మిది ఇవ్వడం ఆనవాయితీ. పది అంకెల మీదా రూపాయి చొప్పున పడితే, మిగిలే రూపాయి నిర్వాహకుడిది. యాప్‌లొచ్చినా నిర్వాహకుడి వాటా పోలేదు. చీటీ రాసేవాడి చోట యూపీఐ వచ్చింది, అంతే.

చట్టం మాత్రం ఆట నైపుణ్యమా, అదృష్టమా అన్న మీమాంసలోనే చాలాకాలం గడిపింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1960ల చివర సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్య క్రీడగా తేల్చింది. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటే నేరం కావచ్చనీ అదే తీర్పులో ఉంది. కంపెనీలు మొదటి మాటనే పట్టుకున్నాయి. అసలు అడగాల్సింది రెండోదే: లాభం ఎవరికి? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. అయినా 132 సైట్లు, యాప్‌లు ఆపించమని ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి జగన్ కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది. సర్వర్ రాష్ట్రం చేతిలో ఉండదు కదా! చివరికి 2025 ఆగస్టు నాటి కేంద్ర చట్టం నైపుణ్యం తేడాను పక్కనపెట్టి, ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. లాభం తీసేవాణ్ని పట్టుకోవడం సబబే.

జూదం రాష్ట్రాల జాబితాలోది కాబట్టి కేంద్రానికి అధికారం లేదన్నది ఒక అభ్యంతరం. చట్టం చెల్లుబాటును కంపెనీలు కోర్టుల్లో సవాలు చేశాయి. 2023 అక్టోబరు నుంచి 28 శాతం జీఎస్టీ కట్టిన వ్యాపారాన్ని మూసేస్తే లాభం బుకీకే అన్నది ఇంకొకటి. ఇందులో కొంత నిజముంది. యాప్‌లో ముందు డబ్బు వేయాలి. బుకీ అప్పు మీద పందెం రాసుకుంటాడు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు గనుక ఆ బాకీ కోసం కోర్టుకెళ్లలేడు, బెదిరించే వసూలు చేస్తాడు. అలాగని యాప్‌లకు తలుపు తెరవనక్కర్లేదు. ఆన్‌లైన్ పందేనికి, అది విదేశీ సైటుదైనా, సాధారణంగా ఇక్కడ ఎవరిదో పేరున ఒక బ్యాంకు ఖాతా కావాలి. చెల్లింపులు ఆపమని కొత్త చట్టం బ్యాంకులకూ చెప్పింది. కమీషన్‌కు ఖాతాలు అద్దెకిచ్చేవారిని వదిలేసి యాప్ పేర్లనే నిషేధిస్తూ పోతే, అదే ఆట మర్నాడు ఇంకో పేరుతో వస్తుంది.